డాక్టరుకు పంపిన తెల్లగుడ్డ

మొన్న సోమవారం ఇద్దరు మనుషులు మా ఇంటికి వచ్చారు. ఒకడు రాజమల్లు, నా దగ్గర ఎనిమిదో తరగతి చదివినవాడు, ఇప్పుడు ఊళ్లో నలుగురిని కూడగట్టి పనులు చేయించే మనిషి. రెండోవాడు ఫైలు పట్టుకుని అతని వెనకే నిలబడ్డాడు. గోదావరిఖని మార్కెట్లో జీవితమంతా దవాఖాన నడిపిన పెద్ద డాక్టరుగారికి ఈ ఆదివారం సన్మానమట. శాలువాలు, దండలు, పాటలు అన్నీ ఉన్నాయట. సన్మానం అయ్యాక ఒక సంచిక కూడా వేస్తారట.

"టీచరమ్మా, సారు మీకు చిన్నప్పటిసంది ఎరికేనాయె. నాలుగు మంచి ముక్కలు రాసియ్యాలె" అన్నాడు రాజమల్లు.

"రాస్తా బిడ్డా. తప్పకుండ రాస్తా" అన్నాను. చాయ్ ఇచ్చాను, బిస్కెట్లు పెట్టాను, గేటు దాకా వెళ్లి సాగనంపాను. ఆ నాలుగు ముక్కలే ఇవి. మంచివో కావో చదివినవాళ్లు తేల్చుకోవాలి. నేను మాత్రం మంచి చెయ్యడానికి రాయడం లేదు, ముందే చెప్తున్నాను.

మా బాపు, అంటే మా నాన్న, పేరు ఓదెలు. రామగిరి దిక్కు పల్లె నుంచి వచ్చి బొగ్గు బాయిలో చేరాడు. గనిని మా దగ్గర బాయి అనే అంటాం. లోపల చేతులతో బొగ్గు ఎత్తి టబ్బుల్లో నింపే పని. ఫస్టు షిఫ్టు దిగి మధ్యాహ్నం మూడు దాటాక ఇంటికొచ్చేవాడు. మాది రెండు గదుల క్వార్టరు. వెనక నల్లా, నల్లా పక్కన ఒక బండ. ఆ బండ మా అవ్వది. అవ్వ అంటే మా అమ్మే, మా దిక్కు తల్లిని అట్లాగే పిలుస్తాం. బాపు విప్పిన డ్యూటీ బట్టలకు వేరే బకెట్టు, వేరే సబ్బు, వేరే కట్టె. ఇంటి బట్టలతో కలిపి నానెయ్యడమంటే ఆమెకు మహాపాపం. మొదటి నీళ్లు నల్లగా పోయేవి, రెండో నీళ్లు బూడిద రంగులో పోయేవి, మూడో నీళ్లు తేటపడితే గానీ ఆమె నడుం ఎత్తేది కాదు. తడిసిన బొగ్గు వాసన, సోడా వాసన, పక్కింటి వాళ్లు వేయించే ఉల్లిగడ్డల వాసన కలిస్తే అదే నాకు సాయంత్రం. ఇప్పటికీ ఎక్కడైనా సోడా నీళ్లల్లో నానిన బట్టల వాసన తగిలితే బాపు ఇంటికొచ్చాడనిపిస్తుంది.

మా క్వార్టర్ల వరుస ఆడవాళ్లకు దండెమే పరువు. ఎవరి మొగుడి బనీను తెల్లగా ఆరుతుందో ఆమెకు నోరు పెద్దది. మా అవ్వ దండెం చూసి కుళ్లుకోని ఆడది ఆ వరుసలో లేదు. రోజంతా నల్లటి దాంట్లో మునిగి వచ్చేవాడి బట్టలను పాలనురుగులా చేసి ఆరేసేది. "బాయికి నల్లగ పోయినా బజారుకు తెల్లగ పోవాలె" అనేది. బాపు స్నానం చేసి, అన్నానికి ముందు మోరీ కాలువ దగ్గర కూచుని దగ్గేవాడు. నల్లగా పడేది. మాకది రోగమని తోచలేదు. ఆ వరుసలో మగవాళ్లందరికీ నల్లగానే పడేది. మబ్బు పడితే వాన వచ్చినట్టు, డ్యూటీకి పోతే దగ్గు వస్తుందనుకున్నాం.

తరవాత సెలవుల్లో కూడా దగ్గు ఆగలేదు. మంచం పట్టె మీద కూచుని, రెండు చేతులూ మోకాళ్ల మీద ఆనించి, కూరగాయల సంచి మోయలేని మనిషిలా రొప్పేవాడు. అవ్వకు చదువు లేదు గానీ గమనింపు ఎక్కువ. బాపు మూడు రోజులు సెలవులో ఉన్నప్పుడు, మూడో రోజు పొద్దున ఆయన దగ్గిన తువ్వాలను ఉతక్కుండా పేపర్లో చుట్టింది. మేం ముగ్గురం పెద్ద డాక్టరు దగ్గరికి పోయాం. నేనప్పుడు తొమ్మిదో తరగతి. గది నిండా మా కాలనీ వాళ్లే.

అవ్వ ఆ తువ్వాలను టేబుల్ మీద విప్పింది. "సారూ, మూడొద్దుల నుంచి బాయికి పోలేదు. అయినా గిట్ల నల్లగనే పడ్తాంది. జర చూడుండ్రి" అంది.

ఆయన చూడలేదు. టేబుల్ మీద ఉన్న స్కేలు తీసుకుని, దాని కొసతో తువ్వాలను కిందికి నెట్టేశాడు. "ఛీ ఛీ! ఏమిటీ మురికి? ఇంట్లో సబ్బు లేదా? మొగుడి గుడ్డ ఉతకడం చేతకాదు గానీ నాకు వైద్యం నేర్పడానికి వచ్చావా?" అన్నాడు. గదిలో ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ నవ్విన గొంతు మా వరుసదే. అవ్వ కిందికి వంగి తువ్వాల ఏరుకుంది. కొంగుతో నేల కూడా తుడిచింది, ఎందుకో ఆమెకే తెలియాలి.

బాపు చేతులు కట్టుకుని అడిగాడు. "సారూ, ఊపిరి ఆడుత లేదని ఒక్క కాయితం రాసియ్యుండ్రి. బాయిల గాకుండ పైన పని ఇయ్యుమని అడుగుత."

"బీడీలు మానెయ్. దగ్గు అదే పోతుంది."

"నేను బీడీ తాగ సారూ."

"అందరూ ఇదే చెప్తారు" అని చీటీ మీద 'బీడీ దగ్గు' అని రాసి, తరవాతి మనిషిని పిలిచాడు. ఆ ఒక్క కాగితం రాయడానికి ఆయనకు ఎంతసేపు పట్టేది? స్కేలు తియ్యడానికి పట్టినంతసేపు కూడా పట్టేది కాదు. మా బాపు జీవితంలో బీడీ ముట్టలేదు. అయినా ఆ చీటీ తరవాత చాలా రోజులు అవ్వ ఆయన చొక్కా జేబులు వాసన చూసేది. మొగుడి మాట కన్నా డాక్టరు చీటీ పెద్దదైపోయింది మా ఇంట్లో. ఇంటికి రాగానే ఆమె ఆ తువ్వాలను బండ మీద వేసి, అంచు చిరిగేదాకా ఉతికింది.

మా పక్క క్వార్టరులో రత్తమ్మగారు ఉండేవారు. కోనసీమ వాళ్లు, ఆమె భర్త ఎలక్ట్రీషియను. మా బాపు దగ్గు ఆమెకు గోడ అవతల నుంచి వినిపించేదట. ఒకరోజు కరివేపాకు కోసం వచ్చి, "మా వైపు ఒక పెద్దాయన ఉన్నారమ్మా. ప్రాక్టీసు మానేశారు, కానీ ఉత్తరం రాస్తే ఉత్తరం మీదే వైద్యం చెప్తారు. మా మావగారి ఉబ్బసం అలాగే అదుపులోకి వచ్చింది. ఒక్కసారి రాసి చూడండి, పోయేదేముంది?" అన్నారు. అట్లా ఉత్తరాల డాక్టరు మా ఇంట్లోకి వచ్చాడు. ఆయన మొహం మేం ఎన్నడూ చూడలేదు.

ఉత్తరాలు రాసే పని నాది. బాపు చెప్పేవాడు, అవ్వ మధ్యలో సరిచేసేది, నేను రాసేదాన్ని. వారం తిరిగేసరికి జవాబు వచ్చేది. ఆయనవి గుండ్రటి అక్షరాలు, పాత పుస్తకాల భాష. మొదటి ఉత్తరంలో మందు పేరే లేదు, అన్నీ ప్రశ్నలే. ఏ వైపు తిరిగి పడుకుంటాడు? మెట్లు ఎక్కితే ఎన్నో మెట్టు దగ్గర ఆగుతాడు? ఆకలి తగ్గిందా, కోపం పెరిగిందా? చివర ఇట్లా ఉంది: "రోగి బొగ్గు గనిలో పనివాడంటివి. కావున ఉదయము లేచిన పిమ్మట మొదటి దగ్గున పడిన కఫమును ఉతికిన తెల్లగుడ్డపై పట్టి, నీడన ఆరబెట్టి, కవరులో పంపవలెను. గుడ్డ చూడనిదే నేను ఏమియు చెప్పజాలను."

అవ్వ పాత ధోవతి చించి, జానెడు గుడ్డ తీసింది. మర్నాడు చీకట్లోనే బాపు దాని మీద దగ్గి, చూసుకోకుండానే డ్యూటీకి పోయాడు. నేను బడికి పోయే ముందు చూశాను. నడుమ రూపాయి బిళ్లంత నలుపు. మా ఇంటి రోగం ఎట్టకేలకు ఒకరి కంటపడబోతోందని నాకు ఎంత సంబరమో. సాయంత్రం వచ్చేసరికి అవ్వ కవరు అంటించి, రత్తమ్మగారి చేత అడ్రసు రాయించి, డబ్బాలో వేసి వచ్చింది.

పది రోజులకు జవాబు వచ్చింది. బాపు డ్యూటీ నుంచి వచ్చాక బిగ్గరగా చదివాను. "గుడ్డ చూచితిని. లేత పసుపు మరక తప్ప నలుపు ఎంతమాత్రము లేదు. కనుక ఇది గని ధూళి వలన వచ్చినది కాదని తలచుచున్నాను. ధూళియే అయినచో నేను మందు వ్రాయను, ముందుగా గని మాన్పించుమని వ్రాసియుందును."

"ధూళి కాదట!" అని బాపు మంచం మీద చరిచి నవ్వాడు. ఆయన అట్లా నవ్వి ఎన్ని నెలలైందో. "ఇగ ఫికర్ లేదే! డ్యూటీ చేస్కోవచ్చు. ఆయినె చెప్పినట్టు పథ్యం చేస్తే సాలు." అవ్వ చేటలో బియ్యం ఏరుతోంది. తల ఎత్తలేదు. ఆ ఆదివారం మా ఇంట్లో కోడి కోశారు. నాకు మాత్రం నమ్మకం కుదరలేదు. రూపాయి బిళ్లంత నలుపును నా కళ్లతో చూశాను కదా! ఈ ముసలాయన కవరు విప్పనే లేదు, విప్పకుండానే రాశాడు అని అప్పుడే తేల్చేసుకున్నాను. ఆ మాట అనాలని నోటిదాకా వచ్చింది. బాపు నవ్వుతున్నాడు. అనలేకపోయాను.

ఇక నాలుగేళ్లు ఉత్తరాల వైద్యం. "దీర్ఘవ్యాధికి మందు కంటె దినచర్య ముఖ్యము" అని ప్రతి ఉత్తరంలో ఒకసారి రాసేవాడు. మంచం తలవైపు కోళ్ల కింద రెండు ఇటుకలు పెట్టించాడు. చద్దన్నం, పులుపు, చల్లనీళ్లు మాన్పించాడు. వావిలాకు కాచిన ఆవిరి పట్టించాడు. అల్లం రసంలో తేనె. అన్నం సగం కడుపుకే, అదీ పొద్దు ఉండగానే. దగ్గు తెర వచ్చినప్పుడు గోడకు ఆనుకుని పెదవులు సున్నాలా చుట్టి మెల్లగా ఊపిరి వదలాలి. బాపు బడిపిల్లవాడిలా అన్నీ చేశాడు. మా చెల్లె ఆ ఇటుకల మీద సుద్దతో పూలు గీసేది. వావిలాకు ఘాటు మా పుస్తకాలకు కూడా పట్టింది. ఇన్ని చేస్తూ ఆ మనిషి ప్రతి పొద్దున అదే బాయిలోకి దిగాడు. ఇంట్లో ఆవిరి పట్టి గుండె తేలిక చేసుకోవడం, అక్కడికి పోయి మళ్లీ నింపుకోవడం.

నేను టీచరు ట్రైనింగులో ఉండగా కబురు వచ్చింది. నేను ఇల్లు చేరేసరికి బాపును ఇంటి ముందు పడుకోబెట్టారు. మంచం కింద ఇటుకలు అట్లాగే ఉన్నాయి. కార్యం అయిన మర్నాడు నేను ఉత్తరాల డాక్టరుకు చివరి ఉత్తరం రాశాను. అప్పటిదాకా బాపు చెప్పింది రాసినదాన్ని, అది మాత్రం నా మాటగా నా పేరుతో రాశాను. "కవరు విప్పకుండా వైద్యం చేసే మీకు డాక్టరనే పేరెందుకు? మీ ఇంట్లో కూడా ఒకరు ఇట్లాగే ఊపిరి అందక కొట్టుకోవాలి, మీరు పక్కన కూచుని చూడాలి" అని రాశాను. ఇంకా చాలా రాశాను. ట్రైనింగుకు తిరిగి వెళ్లిపోయాను. జవాబు రాలేదు. దొంగకు జవాబేముంటుందనుకున్నాను.

ఆ తరవాత నలభై ఏళ్లు ఆయన్ను నేను వదలలేదు. పిల్లలకు లేఖారచన పాఠం చెప్పిన ప్రతిసారీ, కవరు విప్పని డాక్టరు కథ చెప్పేదాన్ని. ఎంతమంది పిల్లల చేత ఆ ముసలాయన్ను తిట్టించానో లెక్కలేదు. రాజమల్లు కూడా తిట్టినవాడే. మరి స్కేలుతో నెట్టిన పెద్ద డాక్టరో? ఆయన ఎదురుగా కనిపిస్తే నమస్కారం పెట్టాను. నా కొడుకుకు జ్వరమొస్తే ఆయన గదిలోనే చేతులు కట్టుకుని నిలబడ్డాను. తలుచుకుంటే నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

సోమవారం రాజమల్లు వెళ్లాక, ఆ 'బీడీ దగ్గు' చీటీ దొరికితే సంచికలో వేయిద్దామని అవ్వ రేకుపెట్టె తెరిచాను. అవ్వ నా దగ్గరే ఉంటుంది. ఎనభై దాటాయి. కళ్లు మసక, చెవులు మాత్రం పాము చెవులు. వసారాలో చిక్కుడుకాయలు ఒలుస్తున్నదల్లా మూత చప్పుడు విని, "ఆ పెట్టె ముట్టకే సరోజా" అని కేకేసింది. అప్పటికే ముట్టాను. చీటీ లేదు. ఉత్తరాల కట్ట ఉంది. కట్ట కింద ఒక కవరు, దాని మీద నా పేరు, ఆ గుండ్రటి అక్షరాలు. ఎవరూ విప్పలేదు.

చింపాను. జానెడు ధోవతి ముక్క జారి ఒళ్లో పడింది. మల్లెపువ్వులా తెల్లగా ఉంది. నడుమ కనిపించీ కనిపించని పసుపు మరక. వెంట కాగితం.

"చిరంజీవి సరోజకు ఆశీస్సులు. నీ తిట్లు చదివితిని. తండ్రిని పోగొట్టుకొన్న బిడ్డ తిట్టినచో నాకు కోపము రాదు. నా వద్దకు వచ్చిన ప్రతి గుడ్డను రోగి పేరు వ్రాసి దాచుట నాకు అలవాటు. మీ గుడ్డ ఇదిగో. నలుపు ఉన్నచో నాకు చూపుము. లేనిచో, ఆ నలుపు ఎక్కడ పోయినదో మీ ఇంట నెమ్మదిగా విచారించుము. ఎవరిపైనను కోపపడకుము."

గుడ్డ పట్టుకుని వసారాలోకి వచ్చాను. అవ్వ నా చేతిలోది చూడలేదు, చెయ్యి చాచి తడిమింది. తడమగానే గుర్తుపట్టింది.

"నువ్వు టైనింగుల ఉన్నప్పుడు వచ్చింది. సదువరాకపోయినా లోపల గుడ్డున్నట్టు ఎరుకైంది. నీకు ఇయ్యబుద్ది కాలె."

"అవ్వా, ఇది ఎట్ల తెల్లగైంది?"

చిక్కుడు గింజలు వేళ్ల మధ్య తిప్పింది. "ఉతికిననే బిడ్డా" అంది. "ఆయినె ఉతికిన గుడ్డ పంపుమన్నడని నువ్వే సదివితివి గదా, దగ్గకముందు ఉతుకుమన్నడని నాకు ఎరుకే. ఎరికుండే ఉతికిన. అంత దూరం పోయే గుడ్డ. అది చూసి, ఈ ఆడిది మొగని గుడ్డ సుత ఉతకదని ఆయినె గూడ స్కేలుతోని నూకుతడనుకున్న. నూకితే మీ బాపుకు మందు రాయడనుకున్న."

"మరి ధూళి కాదని జవాబు వచ్చిననాడు చెప్పకపోతివి?"

"మీ బాపు నవ్వె గదనే."

నేనూ ఆయన నవ్వు చూసే నోరు మూసుకున్నాను. ఆ గదిలో నలుపు సంగతి తెలిసినవాళ్లం ఇద్దరం, ఇద్దరం చెప్పలేదు. ఒక్క నిమిషం అవ్వ మీద పట్టరాని కోపం వచ్చిందని దాచను. గొంతు పిసకాలన్నంత కోపం. ఆమె చేతులు చూశాను. సోడా తిని తిని గోళ్లు కరిగిపోయిన వేళ్లు. ఆ వేళ్లకు ఆ గుడ్డ ఉతకమని చెప్పినవాడెవడు? మార్కెట్లో అద్దాల దవాఖాన కట్టుకుని కూచున్నాడు. ఆదివారం శాలువాలు కప్పించుకోబోతున్నాడు. నలభై ఏళ్లు నేను తప్పు మనిషిని తిట్టాను. ఆ తప్పు మనిషి ఇప్పుడు లేడు, కాళ్లు పట్టుకుందామన్నా దొరకడు. ఒప్పు మనిషి ఉన్నాడు. బతికే ఉన్నాడు.

ఆయనకు ఇప్పుడు దమ్ము, అంటే ఉబ్బసమట. "సారు ఇప్పుడు మిషిను పెట్టుకోని ఊపిరి తీసుకుంటున్నరు టీచరమ్మా" అని రాజమల్లు జాలిగా చెప్పాడు. నాకు జాలి కలగలేదు. సంతోషం కలిగింది. ముసలితనంలో ఇట్లా రాయకూడదేమో, కానీ కలిగింది. ఆయన దగ్గును చూడటానికి ఎంతమంది డాక్టర్లో! ఎవరూ స్కేలు తియ్యరు.

ఇప్పుడు కాలం మారిందంటారు. పక్కింటి శ్రీను ఓపెన్‌కాస్టు బాయిలో డంపరు లారీ నడుపుతాడు. ఛాతీ ఫొటో తీయించుకుని ఫోన్లో హైదరాబాదు డాక్టరుకు పంపితే, చాయ్ చల్లారేలోపు జవాబు వస్తుంది. మాకు పది రోజులు పట్టేది. కానీ ఆ శ్రీను కూడా డాక్టరు దగ్గరికి పోయేటప్పుడు గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని, సెంటు కొట్టుకుని పోతాడు. "ఏం లేదు సార్, జర దగ్గంతే" అంటాడు. ఉత్తరాల డాక్టరు అయితే, ఎన్నో మెట్టు దగ్గర ఆగుతున్నావని అడిగేవాడు. అవ్వలాగే మేమందరం ఇంకా ఉతికే పంపుతున్నాం. అట్లా ఉతకడం మాకు ఎవరు నేర్పారో చెప్పడానికే ఇదంతా రాశాను.

పెట్టెలో ఇంకొకటి కూడా దొరికింది. అడుగున ప్లాస్టిక్ కవరులో బాపు చివరి తువ్వాల. బిరుసెక్కి, మడతల్లో నల్లగా, అప్పటిలాగే ఉంది.

"దీన్ని ఎందుకు ఉతకలేదవ్వా?"

"ఆయినె పోయినంక ఎవలికి సూపెట్టనీకి ఉతకాలె?" అంది.

అప్పుడే నిర్ణయించుకున్నాను. సంచికకు ఈ నాలుగు ముక్కలు. అచ్చు వేస్తారో చింపి పారేస్తారో రాజమల్లు ఇష్టం. ఆదివారం వేదిక మీద అందరూ పెద్ద డాక్టరుకు శాలువాలు కప్పుతారు. నా పేరు పిలిచినప్పుడు నేను ఈ తువ్వాల కప్పుతాను. ఆ మాట అవ్వకు చెప్పాను. తువ్వాల ఇయ్యమని చెయ్యి చాచింది, ఇచ్చాను.

ఈ పొద్దున, అంటే శనివారం, ఇది రాస్తూ ఉంటే వెనక నల్లా చప్పుడు వినిపించింది. తరవాత రుద్దుతున్న చప్పుడు. ఎనభై ఏళ్ల అలవాటు, పదిమందిలోకి పోయే గుడ్డ! కలం పడేసి పరుగెత్తాను. "అవ్వా, ఉతకకే! నీకు దండం పెడ్త, ఉతకకే!"

అవ్వ నల్లా కింద కూచుని ఇత్తడి పళ్లేన్ని చింతపండుతో తోముతోంది. తువ్వాల ఆమె ఒళ్లో, పొడి కొంగు మీద, మడత నలగకుండా ఉంది.

"ఎందుకట్ల ఒర్రుతున్నవు? శాలువా పళ్లెంల పెట్టిస్తరు గదా. పళ్లెం తోముతున్న" అంది. తోమి, కడిగి, తుడిచింది. వెలుతురుకు ఎత్తి, కనిపించని కళ్లతో అటూ ఇటూ తిప్పి చూసింది. తువ్వాలను నలుపు పైకి వచ్చేట్టు మడిచి పళ్లెంలో పెట్టింది.

"రేపు నేను గూడ వస్త. నువ్వు గాదు, నేనే పెడ్త వాని ముందట" అంది.